మంత్రి గారూ, అడుగు బురద రిపోర్టు కూడా ఒకసారి అడగండి

గౌరవనీయులైన పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నదుల అడుగున, సముద్ర తీరంలో పేరుకున్న బురద తెచ్చి, అందులో పురుగుమందుల అవశేషాలు వెతకడం నా ఉద్యోగం. చాలా ఏళ్లుగా ఇదే పని. మా రిపోర్టు మీ టేబుల్ దాకా వచ్చి ఉండదు. పూడికతీత ఫైల్లో దాన్ని ఎవరూ అడగరు మరి. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫైల్లో ఉండేది నీళ్ల రిపోర్టు. డీడీటీ గడి ఎదురుగా ‘గుర్తించలేదు’ అని రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు. డీడీటీ నీళ్లలో లీటరుకు కొన్ని మైక్రోగ్రాములకు మించి కరగదు. పొలం నుంచి వచ్చినా, ఫ్యాక్టరీ కాల్వ నుంచి వచ్చినా మెత్తటి ఒండ్రునూ, కుళ్లిన ఆకుఅలాన్నీ అంటిపెట్టుకుని అడుక్కి చేరుతుంది. ప్రవాహం నెమ్మదించే మలుపుల్లో, నది సముద్రంలో కలిసే చోట మేట వేస్తుంది. డీల్డ్రిన్, క్లోర్డేన్ లాంటి పాత పురుగుమందులూ అంతే. దొంగ అటక మీద దాక్కుంటే మనం వీధంతా గాలించి, ఎవరూ లేరని రాసుకుంటున్నాం.

నమూనా తీయడం ఎలా ఉంటుందో చెబుతాను. పడవ మీదకి లాగిన ఇనుప గ్రాబ్ దవడలు తెరుచుకోగానే కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంటుంది. పైన పలుచటి గోధుమరంగు పొర, దాని కింద అంతా కాటుక నలుపు. దాన్ని గాజు సీసాలోకే ఎత్తుతాం, ప్లాస్టిక్ పనికిరాదు. ల్యాబ్‌లో ఆరబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, ద్రావకంతో సారం తీస్తాం. అందులో తళతళలాడే రాగి తురుము వేస్తే చూస్తుండగానే నల్లబడుతుంది. బురదలోని గంధకం దానికి పడుతుందన్నమాట. గంధకం పోకపోతే మిషన్ తప్పు చూపిస్తుంది. కాబట్టి రాగి నల్లబడడం మానేదాకా కొత్తది వేస్తూనే ఉంటాం. ఓపిక కావాల్సిన పనే తప్ప బ్రహ్మవిద్యేం కాదు.

ఆ రిపోర్టులో ఒక్క డీడీటీ అంకె చూసి వదిలేయకూడదు. గాలి ఆడే చోట అది డీడీఈగా, గాలి ఆడని బురదలో డీడీడీగా మారుతుంది. ఈ రెండూ ఎక్కువుంటే సాధారణంగా పాత సరుకు. అసలు డీడీటీయే ఎక్కువుంటే ఈ మధ్యే ఎక్కడి నుంచో వస్తోందని అనుమానించాలి. తనిఖీకి ఎటు వెళ్లాలో మీ అధికారులకు అదే దారి చూపిస్తుంది. పెలికాన్లు, గద్దల గుడ్ల పెంకులు పలుచబడి, పొదిగేటప్పుడు తల్లి బరువుకే పగిలిపోయాయని చదివే ఉంటారు. ఆ పని చేసింది డీడీఈయే.

ఇదంతా పాత గొడవ అంటారేమో. 1939లో పాల్ ముల్లర్ డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టాడు, 1948లో నోబెల్ ఇచ్చారు, అమెరికా 1972లో ఆపేసింది, త్వరగా నశించని విషాలను కట్టడి చేసే 2001 స్టాక్‌హోమ్ ఒప్పందంలో దాన్నీ చేర్చారు. కాగితం మీద కథ అయిపోయింది. కానీ లాస్ ఏంజెలెస్ పక్కన పాలోస్ వెర్డెస్ తీరంలో, ఒక ఫ్యాక్టరీ 1971 దాకా మురుగు కాల్వల్లో వదిలిన డీడీటీ ఇంకా సముద్రం అడుగున ఉంది. అడుగున మేసే వైట్ క్రోకర్ చేపను తినొద్దని ఇప్పటికీ హెచ్చరిస్తున్నారు. కరీబియన్ సముద్రంలోని మార్టినిక్, గ్వాడెలోప్ దీవుల్లో అరటి తోటలకు కొట్టిన క్లోర్‌డెకోన్ అనే పురుగుమందును 1993లో ఆపారు. అది నేలలో నుంచి వాగుల్లోకి, తీరంలోకి దిగుతూనే ఉంది. కొన్ని చోట్ల చేపలు పట్టడమే నిషేధం. ఆ నిషేధం దెబ్బ ఎవరికి తగులుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. పైగా ఈనాడు వాడే పైరిథ్రాయిడ్ పురుగుమందులు కూడా నీళ్ల కంటే బురదకే అంటుకుంటాయి.

ఇక అసలు విషయం, పూడికతీత. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని జేమ్స్ నదిలో ఇదే క్లోర్‌డెకోన్ సంగతి 1975లో బయటపడింది. 1988 దాకా చేపల వేటపై ఆంక్షలు నడిచాయి. ఆ బురద తవ్వి తీసేద్దామా అని లెక్కలు వేసి, ఖర్చు చూసి, కదిపితే విషం మళ్లీ పైకి లేస్తుందని భయపడి వదిలేశారు. ఏటా వచ్చే కొత్త ఒండ్రు దాన్ని మెల్లగా కప్పేసింది. అంటే కొన్ని చోట్ల ఏమీ చేయకపోవడమే మంచి వైద్యం. మరికొన్ని చోట్ల శుభ్రమైన ఇసుక పరచడమో, విషాన్ని పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ కలపడమో చేయొచ్చు. ఎక్కడ ఏది అన్నది పరీక్షిస్తేనే తెలుస్తుంది. మనమేమో తెలియకుండానే తవ్వుతున్నాం.

ఒకసారి పూడికతీత సగం అయ్యాక మమ్మల్ని పిలిచారు. తీసిన బురద అప్పటికే లారీలెక్కి వెళ్లిపోయింది. ఎక్కడ పోశారని అడిగితే తలా ఒక మాట చెప్పారు. మిగిలిన దాంట్లోంచి నమూనాలు తీసి రిపోర్టు ఇచ్చాం. అదెవరికి పనికొచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

అన్ని నదుల్లో విషమే ఉందని నేననడం లేదు. మా సీసాల్లో చాలావాటిలో భయపడాల్సిందేమీ దొరకదు. అలాంటి బురద పురుగుమందుల భయం లేకుండా పొలానికి తోలుకోవచ్చు. అది చెప్పడానికైనా పరీక్ష కావాలి. పైపైన గీకిన బురద చాలదు, గొట్టం దించి, తవ్వబోయే లోతుదాకా పొరపొరగా తీయాలి. యాభై ఏళ్ల కిందటి మందు అరచేతి మందం మన్ను కింద పడుకుని ఉండొచ్చు. ఫలితాలు అక్కడ చేపలు పట్టేవాళ్లకు అర్థమయ్యే మాటల్లో రేవు దగ్గర అంటించాలి.

ఈసారి పూడికతీత టెండర్ ఫైలు సంతకానికి వచ్చినప్పుడు, నీళ్ల రిపోర్టు వెనకాల బురద రిపోర్టు ఉందేమో పేజీ తిప్పి చూడండి. లేకపోతే ఆ ఫైలు వెనక్కి పంపండి. నమూనాలు తీయడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
బురద పరీక్షించే ఒక ల్యాబ్ ఉద్యోగి