రాగి నాణేలను చింతపండుతో తోమకండి

సంపాదకులకు,

తాతల నాటి పెట్టెలో బ్రిటిష్ రాగి కానీలు (పావు అణా నాణేలు) దొరకగానే చాలామంది వాటిని చింతపండుతోనో పీతాంబరితోనో తళతళలాడేలా తోముతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పులుపు రాగి పైపొరను తినేస్తుంది. నాణెం మీది రాజు లేదా రాణి బొమ్మలో, చెవి మీది జుట్టు గీతల మధ్య మిగిలే గులాబీ మెరుపును గ్రేడర్, అంటే నాణెం స్థితిని బట్టి అంకె వేసే నిపుణుడు, లెన్సు కింద ఇట్టే పట్టేస్తాడు. ఇక ఆ నాణేనికి 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ స్కేలులో మామూలు అంకె దక్కదు, ‘శుభ్రం చేసినది’ అన్న మాటే పడుతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా గుడ్డతో అద్దితే చాలు.

మన విశాఖలో అసలు శత్రువు ఉప్పుగాలి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే ఆ నాణేన్ని వెంటనే వేరుచేయండి, అది లోపలికి తొలుచుకుపోతుంది. పీవీసీ కవర్లు వద్దు, పచ్చటి జిగురు పట్టిస్తాయి. మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవర్లలో పెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేయండి.

నకిలీలతోనూ జాగ్రత్త. అసలైన 1835 ఈస్టిండియా కంపెనీ కానీ సుమారు 6.47 గ్రాములు తూగుతుంది. 1818 అని, రామపట్టాభిషేకం బొమ్మతో లక్షలకు అమ్మజూపేవి కంపెనీ నాణేలే కావు.

ఇంకొక మాట. వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి. గ్రేడింగ్ కోసమైనా సరే, అనుమతి లేకుండా విదేశాలకు పంపడం నేరం.

– ఒక నాణేల సేకర్త, విశాఖపట్నం