నెలకు ఒక గంట, ఒక బొమ్మ: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి, వార్షికోత్సవంలో చప్పట్లకు బడికి తల్లిదండ్రులు కావాలి. తరగతి గది గడప మాత్రం దాటకూడదు. నెలకు ఒక్క గంట, ఒక మంచి బొమ్మ పట్టుకుని మమ్మల్ని లోపలికి రానివ్వమని అడుగుతున్నాను.

గీయడం నేర్పడానికి కాదు, చూపించి మాట్లాడించడానికి.

పాతకాలపు ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1560లో వేసిన ‘పిల్లల ఆటలు’ చిత్రం వియన్నా మ్యూజియంలో ఉంది. ఒకే చెక్క పలక మీద 200 మందికి పైగా పిల్లలు, 80కి దగ్గరగా ఆటలు. ఎడమవైపు కింది మూలన ఇద్దరు కూర్చుని ఎముక ముక్కలతో గచ్చకాయల్లాంటి ఆట ఆడుతుంటారు. చక్రాలు దొర్లించేవాళ్లు, పీపా ఎక్కి ఊగేవాళ్లు, కప్పగంతులు వేసేవాళ్లు సరేసరి. దాని పెద్ద అచ్చుప్రతిని గోడకు తగిలించండి చాలు. ఒకరు ఆటలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఇంకొకరు ‘వీళ్ల ముఖాలు పెద్దవాళ్లలా ఉన్నాయేమిటి?’ అంటారు. పండితులు తర్జనభర్జన పడిన ప్రశ్నే అది!

చూపించేవారికి చిత్రకళలో పట్టా అక్కర్లేదు. అమెరికాలో మ్యూజియం విద్యావేత్త ఫిలిప్ యెనవైన్, మనస్తత్వవేత్త అబిగెయిల్ హౌసెన్ కలిసి, పిల్లలకు బొమ్మలు చూపించడానికి రూపొందించిన పద్ధతిలో ఉన్నవి మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకేం కనబడుతున్నాయి? పిల్లలు చెప్పినదాన్ని మళ్లీ పలికి, బొమ్మలో ఆ చోటును వేలితో చూపించడమే పెద్దల పని. జవాబు మనం చెప్పేయకూడదు. నోరు కట్టుకుని కూర్చోవడం మాలాంటివాళ్లకు ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. అందుకే ముందుగా ఒక పూట శిక్షణ తప్పనిసరి చేయండి. అమెరికాలో చాలా బడులు ఆర్ట్ డోసెంట్ల (బొమ్మలు చూపించి వివరించే స్వచ్ఛంద సహాయకుల) పేరుతో తల్లిదండ్రులకు ఇలాంటి పని అప్పగిస్తున్నాయి.

తల్లిదండ్రులు లోపలికొస్తే క్రమశిక్షణ పోతుందనే వారికి ఇటలీలోని రెజియో ఎమిలియా పట్టణం సంగతి చెప్పాలి. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే దాని దగ్గరి ఒక పల్లె తల్లిదండ్రులు, సైన్యం వదిలేసిన ట్యాంకును, లారీలను, గుర్రాలను అమ్మిన డబ్బుతో బడి కట్టుకున్నారు. అలా తల్లిదండ్రుల చేతుల మీదుగా మొదలైన ఆ ప్రాంతపు బడులు చెడిపోలేదు సరికదా, తర్వాత బొమ్మలు వేసుకునే గదులకు, కళాకారులైన ఉపాధ్యాయులకు పేరుపొందాయి.

మా అబ్బాయి చదివే బడి గోడ మీద ఒక వరుస సూర్యోదయాలు అంటించారు. అన్నిట్లోనూ రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, పైన నాలుగు పక్షులు. మా వాడిది ఏదో పేరు చదివితే గాని తెలియలేదు. కనుక మీ ఉత్తర్వులో ఒక మాట స్పష్టంగా ఉండాలి: ఆ గంటలో పిల్లలు ఏదైనా గీస్తే దానికి మార్కులు ఉండవు, బహుమతులు ఉండవు, దిద్దడానికి పెద్దల చెయ్యి పడదు.

ఇదే సాకుగా డ్రాయింగ్ మాస్టారి పోస్టు ఎత్తేస్తే మాత్రం మొదట ఎదురుతిరిగేది నేనే. మేము ఆయనకు తోడుగా వస్తామే గాని బదులుగా కాదు. తరగతి టీచరు ఆ గంటంతా గదిలోనే ఉండాలి. వచ్చేవారి వివరాలు బడి ముందే సరిచూసుకోవాలి. రోజు కూలి వదులుకోలేని తల్లిదండ్రులు కూడా రాగలిగేలా వేళను బడులే నిర్ణయించుకోనివ్వండి. లేకపోతే తీరికున్నవాళ్లదే రాజ్యమవుతుంది.

వచ్చే విద్యా సంవత్సరపు క్యాలెండరు అచ్చుకు వెళ్లకముందే ఈ గంటకు అందులో చోటు కల్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి