ఖైదీ వివరాలు రాసి పక్కన పెడితే జైల్లో గొడవలు తగ్గవు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను జైళ్ళ శాఖలో వార్డర్‌గా చేరి హెడ్ వార్డర్‌గా రిటైర్ అయ్యాను, సర్వీసంతా దాదాపు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే. జైల్లో ఖైదీలు కొట్టుకున్నారని వార్త వస్తే చాలు సిబ్బంది లేరు, సెల్‌ఫోన్లు లోపలికి పోతున్నాయి అని రాస్తారు, అవీ నిజమే గానీ రాత్రికి ఎవర్ని ఎవరి పక్కన పడుకోబెడుతున్నామో మాత్రం ఎవరూ అడగరు.

రిమాండ్ మీద కొత్త మనిషి రాంగానే పేరు, వయసు, సెక్షన్లు, పాత కేసులు, జబ్బులు అన్నీ రాసుకుంటారు, ఇప్పుడైతే ఈ-ప్రిజన్స్ కంప్యూటర్లో ఫోటోతో సహా ఎక్కిస్తారు. అవి కోర్టు వాయిదాలకీ ములాఖత్‌లకీ పనికొస్తాయి. సాయంత్రం బ్యారక్‌లకి (ఖైదీలు పడుకునే పెద్ద గదులు) తాళం వేసే టైంకి మాత్రం యాడ జాగా ఉంటే ఆడికి పంపడమే. 1894 నాటి జైళ్ళ చట్టం 27వ సెక్షన్లో ఆడ మగ వేరు, శిక్ష పడినోళ్ళు పడనోళ్ళు వేరు, 21 ఏళ్ళ లోపు వాళ్ళు వేరు అని ఉంది, మంచిదే, కానీ శిక్ష పడనోళ్ళలోనే ఎన్ని రకాల మనుషులుంటారో ఆ బ్యారక్ తాళం తీసినోళ్ళకి తెలుసు. 2022 చివర్లో దేశం మొత్తం జైళ్ళలో 5,73,220 మంది ఉంటే నూటికి 75 మందికి పైనే విచారణ ఖైదీలు, ఇది జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కే.

మన పల్లెల్లో గొడవ జరిగితే కేసుకి కౌంటర్ కేసు పడుద్ది, రెండు పార్టీల వాళ్ళూ ఒకే వారంలో రిమాండ్‌కి వస్తారు. నేను చేసిన ఒక సబ్ జైల్లో ఆ రెండు పార్టీల్నీ ఒకే బ్యారక్‌లో పెట్టారు, అర్ధరాత్రి పళ్ళేలతో కొట్టుకున్నారు, పొద్దున్నే హిస్టరీ టికెట్లలో (ఒక్కో ఖైదీ గురించి జైల్లో రాసే రికార్డు) "క్రమశిక్షణ లేదు" అని రాశారు. వచ్చిన రోజే "లోపల నీకు పడనోళ్ళు ఎవరన్నా ఉండారా" అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబు చూసి బ్యారక్ ఇచ్చుంటే ఆ గొడవే ఉండేది కాదు. అట్లాగే తాగుడు అలవాటున్నోడు లోపలికొచ్చి మందు ఆగిపోయిన రెండో రోజో మూడో రోజో చేతులు వణికి, ఏదేదో మాట్లాడి, పక్కనోడి మీదకి పోతాడు. వాడికి కావాల్సింది డాక్టరు, శిక్ష కాదు. రోజూ తాగుతాడా, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు అనేది కాయితం మీద ఉండి, ఆ కాయితం నైట్ డ్యూటీ వార్డర్ చేతిలో ఉంటే ప్రాణం నిలబడుద్ది.

అమెరికాలో చాలా కౌంటీ (జిల్లా లాంటిది) జైళ్ళల్లో ఇది ఒక పద్ధతిగా చేస్తారు. కేసు తీవ్రత, ఇంతకు ముందు కొట్లాటలు, పారిపోయిన చరిత్ర, వయసు ఇవన్నీ చూసి ఖైదీని గట్టి కాపలా, మధ్య రకం, తక్కువ కాపలా అని పెడతారు. నాకు నచ్చింది ఆ తర్వాత చేసే పని, కొన్ని వారాలకి మళ్ళీ చూస్తారు, ఈసారి కేసు కన్నా లోపల వాడు ఎట్లా ఉన్నాడనే దానికి ఎక్కువ విలువిస్తారు. బాగుంటే మంచి బ్యారక్, పని, చదువు. మన దగ్గర ఆ రెండోసారి చూడడమే లేదు. సెక్షన్ చూసి మనిషిని అంచనా వెయ్యలేం సార్, పొలం గట్టు తగాదాలో 302 (హత్య) కేసులో వచ్చినోడు ఏళ్ళ తరబడి నోరెత్తకుండా ఉండడం నేను చూశా, బైకు దొంగతనంలో వచ్చిన పిల్లోడు బీడీ కోసం రోజూ గొడవ పెట్టుకోవడమూ చూశా. అదే పిల్లోణ్ణి గంజాయి కేసుల వాళ్ళ మధ్య పెడితే వాడు బయటికి పొయ్యేటప్పటికి వాళ్ళ మనిషైపోతాడు.

ఇంకో సంగతి, గొడవ జరిగితే ఎవరు చేశారనే రాస్తారు గానీ యాడ జరిగింది, ఏ టైంలో అనేది కలిపి చూడరు. నేను చూసినంతలో ఎక్కువ గొడవలు పొద్దున నీళ్ళ కుళాయి కాడ, ఫోన్ క్యూలో జరిగేవి. మూడు నెలల గొడవలు ఒకచోట రాసి చూస్తే అది ఎవరికైనా కనపడుద్ది, అప్పుడు ఖైదీని కొట్టడం కాదు, ఇంకో కుళాయి వేయించాలి.

అయితే ఈ రాతలతో మనుషులకి ముద్ర వేస్తే ఒప్పుకునేది లేదు. మా కావలిలోనే బ్రిటిషోళ్ళ కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ళకి సెటిల్‌మెంట్ (కాపలాలో ఉంచే కాలనీ) పెట్టారు, పుట్టిన బిడ్డని కూడా దొంగ లెక్కలో చూశారు. ఆ చట్టం దేశం మొత్తం మీద 1952లో పోయింది గానీ జైలు రిజిస్టర్లలో కులం గడి మిగిలిపోయింది, దాన్ని తీసెయ్యమని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న చెప్పాల్సి వచ్చింది. కాబట్టి ఖైదీని ఏ బ్యారక్‌లో ఎందుకు పెట్టారో వాడికి చెప్పాలి, తప్పనిపిస్తే సూపరింటెండెంట్‌ని అడిగే హక్కు ఉండాలి, కులం ఊరు చూసి పెట్టకూడదు.

రెండే బ్యారక్‌లున్న సబ్ జైల్లో ఇదంతా ఎట్లా కుదురుద్ది అంటారు, పూర్తిగా కుదరదు, నిజమే. కానీ పడనోళ్ళని వేరు చెయ్యడం, చిన్న పిల్లల్ని ముదురు కేసులకి దూరంగా పెట్టడం రెండు బ్యారక్‌లతోనే చెయ్యొచ్చు, అదీ కుదరకపోతే ఒకర్ని వేరే జైలుకి మార్చమని రాయొచ్చు. జైలుకొచ్చి తనిఖీ చేసే బోర్డ్ ఆఫ్ విజిటర్స్‌లో జిల్లా జడ్జి గారు, కలెక్టర్ గారు ఉంటారు. వాళ్ళు ఈసారి నెల్లూరు దగ్గర చెముడుగుంట సెంట్రల్ జైలుకో ఒంగోలు జైలుకో వచ్చినప్పుడు వంటగదిలో సాంబారు రుచి చూడడంతో పాటు, ఏవైనా పది మంది ఖైదీల కాయితాలు తీయించి, వీళ్ళని ఈ బ్యారక్‌లో ఎందుకు పెట్టారు, ఆ నిర్ణయాన్ని ఆఖరిసారి ఎప్పుడు మళ్ళీ చూశారు అని అడగాలి. మీ విలేకరులు కూడా అదే అడిగి జవాబు పేపర్లో వెయ్యాలని కోరుతున్నా.

ఇట్లు,
రిటైర్డ్ హెడ్ వార్డర్, కావలి, నెల్లూరు జిల్లా