వంతెన మీద నడిచేవాళ్ల కోసం: చికాగో మేయర్ గారికి బహిరంగ లేఖ

మేయర్ గారికి నమస్కారం.

నేను డౌన్‌టౌన్‌లో, నదికి నాలుగు వీధుల అవతల ఉంటాను. నాకు కారు లేదు. ఆఫీసు, కూరగాయలు, డాక్టరు అన్నీ నడకదూరమే. అందుకే సెయింట్ పాట్రిక్స్ డే, అంటే మార్చిలో నదికి పచ్చరంగు కలిపి జరుపుకునే ఐరిష్ వాళ్ల పండగ, నాకు టీవీలో చూసేది కాదు, మెట్లు దిగగానే ఎదురొచ్చేది.

కిందటేడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. పరేడ్ రోజు పొద్దున్నే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. ప్లంబర్ల యూనియన్ వాళ్లు పడవలోంచి చల్లే పొడి నారింజ రంగులో ఉండేసరికి, "పచ్చగా అవుతుందన్నావు, ఇదేంటే?" అంది. వెనకే ఇంకో చిన్న పడవ నీళ్లను చిలుకుతూ వెళ్లింది. చూస్తుండగానే నది చిలకపచ్చగా మారిపోయింది. మురుగు నదిలోకి ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడానికి ప్లంబర్లు వాడిన రంగే 1962లో ఈ వేడుకకు దారి తీసిందని చెబితే, అమ్మ చాలాసేపు ఆ నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి తిరిగి రావడమే కష్టమైంది. వంతెన మీద ఎదురెదురుగా జనం. అమ్మ చెయ్యి ఎక్కడ జారిపోతుందోనని ఒకటే టెన్షన్. పది నిమిషాల దారికి గంట పట్టింది. మధ్యలో టాయిలెట్ కూడా దొరకలేదు.

ఆ రోజు ఒక్క వంతెన మీదైనా ఒక పక్క ఫుట్‌పాత్‌ని పెద్దవాళ్లకు, వీల్‌చెయిర్ వాళ్లకు, ఇక్కడ ఉండేవాళ్లకు వదలండి. నది ఒడ్డున మరిన్ని టాయిలెట్లు పెట్టించండి. దారులు ఎప్పుడు మూస్తారో వారం ముందే మా అపార్ట్‌మెంట్లకు తెలియజేయండి.

వచ్చే మార్చికి అమ్మ మళ్లీ వస్తానంటోంది. ఆకుపచ్చ చీర ఇప్పటికే తీసి పెట్టుకుందట.

ఇట్లు,
డౌన్‌టౌన్ నివాసి