హెడ్ విప్పనివ్వకు, ముందు సూది ఎప్పుడు లేస్తోందో చూడు

నాన్నా,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మన మినీ ట్రాక్టరుకి స్లాషర్ (బ్లేడ్లతో గడ్డి కొట్టే యంత్రం) తగిలించి గడ్డి కొడుతుంటే అరగంటకే టెంపరేచర్ సూది ఎర్రగీత దాకా వెళ్ళిపోతోందనీ, ఆపి చల్లారాక మొదలుపెడితే మళ్ళీ అదే తంతనీ, వచ్చిన మెకానిక్కు బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి హెడ్ (ఇంజను పై భాగం) విప్పాలన్నాడనీ చెప్పావు. నువ్వు సరే అనబోతున్నావని నీ గొంతులోనే తెలిసిపోయింది. ఆగు. హెడ్ విప్పడం అన్నిటికన్నా ఆఖరి పని. ఒకసారి విప్పిన ఇంజను మళ్ళీ కంపెనీ బిగింపు మీద ఉండాలంటే బోల్టుల వరస దగ్గర నుంచి బిగించే బలం దాకా అన్నీ లెక్క ప్రకారం జరగాలి, అంత ఓపిక అందరికీ ఉండదు. ఫోన్లో ఇదంతా చెప్పలేను, తోటలో సిగ్నల్ సగం మాటలు మింగేస్తోంది, అందుకే రాస్తున్నాను.

మొదట నువ్వే చెప్పిన ఒక మాట గుర్తు చేసుకో. పోయిన వారం తగరపువలస నుంచి ఎరువు ట్రాలీ లాక్కొచ్చావు, దారి పొడవునా సూది మధ్యలోనే ఉందన్నావు. గడ్డిలోకి దిగితేనే లేస్తోంది. సగం జవాబు అక్కడే ఉంది నాన్నా! నిజంగా హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ ఇంజను బ్లాకుకీ మధ్య ఉండే పలచటి పొర) పోయి ఉంటే రోడ్డు మీద కూడా ఏదో ఒక గుర్తు కనిపించేది, కూలెంట్, అంటే రేడియేటర్లో పోసే చల్లబరిచే ద్రవం, రోజూ తగ్గుతూ ఉండేది. నువ్వు నీళ్ళు తగ్గలేదన్నావు. కాబట్టి గడ్డి కొట్టేటప్పుడు మాత్రమే మారేది ఏమిటో దాన్ని చూడాలి.

మారేవి రెండు, బరువు ఒకటి, గాలి ఒకటి. డీజిల్ కాలితే వచ్చే వేడిలో ఇంచుమించు మూడో వంతే పనికి పోతుంది, ఇంకో మూడో వంతు సైలెన్సర్లోంచి పోతుంది, మిగతాదాన్ని చాలా వరకు రేడియేటరే బయటికి తోలాలి. ఖాళీ రోడ్డు మీద ట్రాలీ లాగుతుంటే ఇంజను మీద బరువు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, ఎదురుగాలి కూడా సాయం చేస్తుంది. గడ్డిలో అలా కాదు. స్లాషర్‌కి పీటీఓ (ట్రాక్టరు వెనక యంత్రాన్ని తిప్పే కడ్డీ) నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే ఇంజను దాదాపు పూర్తి స్పీడులో ఉండాలి, బరువు ఆగకుండా పడుతూనే ఉంటుంది, బండి మాత్రం నత్తనడక. ఎదురుగాలి ఉండదు. ఫ్యాన్ లాగిన గాలే దిక్కు, ఆ ఫ్యాన్ గాలితో పాటు ముందున్న దుమ్మూ గడ్డిపరకా అన్నీ లాక్కుంటుంది. పైగా ఇప్పుడు దసరా రోజులు, రెల్లు పూత మీద ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కూలిన మామిడి చెట్ల చోట మనం మళ్ళీ మొక్కలు వెయ్యలేదు కదా, ఆ ఖాళీల్లో ఎండ బాగా పడి రెల్లు ఎంత ఎత్తు లేస్తుందో నీకు తెలుసు. ఆ తెల్ల దూది రేడియేటర్ రెక్కల మధ్య చేరి, పొద్దుటి మంచు తడికి అక్కడే అతుక్కుపోతుంది. ఇక ఆ ఇంజను ఒంటి నిండా గోనె కప్పుకుని ఎండలో పరిగెడుతున్నట్టే.

ఉక్కపోత వల్లే వేడెక్కుతోందని మెకానిక్కు అన్నాడన్నావు, దాన్ని నేను ఒప్పుకోను. ఉక్కపోత మనకి కష్టం, ఎందుకంటే మన చెమట ఆరాలి. రేడియేటర్‌కి చెమట లేదు. దానికి కావలసింది గాలి ఎంత వేడిగా ఉంది, ఎంత గాలి తగులుతోంది అన్నదే.

ముందు ప్రాణం జాగ్రత్త సంగతి చెప్తాను, దీన్ని మాత్రం దాటేసి చదవకు. సూది మధ్య దాటి పైకి కదలగానే ఆపెయ్యి, ఈ వరస ఒక్కటీ కొట్టేసి ఆపుదాం అనుకోకు. పీటీఓ ఆపెయ్యి, బండిని నీడకి తెచ్చి, ఇంజనుని వెంటనే కట్టకుండా తక్కువ స్పీడులో రెండు మూడు నిమిషాలు తిరగనివ్వు, ఫ్యానూ వాటర్ పంపూ తిరుగుతుంటే లోపలి వేడి సమంగా బయటికి పోతుంది. కానీ ఆవిరి చిమ్ముతున్నా, నీళ్ళు కారిపోయినా, బెల్టు తెగినా మాత్రం వెంటనే కట్టెయ్యాలి, అప్పుడు తిప్పిన కొద్దీ చేటే. వేడి ఇంజను మీద గానీ లోపల గానీ చన్నీళ్ళు పొయ్యకు, హెడ్డో బ్లాకో పగులుతుంది. రేడియేటర్ మూత అసలు ముట్టుకోకు. ఆ మూత మీద 0.9 అని ఉంటుంది చూడు, అది లోపల పెరగనిచ్చే ఒత్తిడి, బార్ లెక్కలో. ఆ ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీలకి మరగవు, 118 దాకా నీళ్ళుగానే ఉంటాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోయి ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకి వస్తాయి. కనీసం అరగంట ఆగి, పై గొట్టాన్ని నొక్కి చూసి, అది మెత్తగా నొక్కుడు పడి చేతికి చల్లగా తగిలితేనే మూత మీద చెయ్యి వెయ్యి. ఇంకొకటి, ముందు వైపు శుభ్రం చేసేటప్పుడు కూడా తాళం తీసి జేబులో వేసుకో, స్లాషర్ నేల మీదకి దించు, ఇంజను ఆగిన తర్వాత కూడా ఆ బ్లేడ్లు కాసేపు తిరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు పని. ముందు జాలి, బయటి గ్రిల్లు ఊడదీసి దులుపు. అది అందరూ చేస్తారు, నువ్వూ చేశానన్నావు. కానీ అసలు చెత్త దాని వెనకాల ఉంటుంది. మన బండిలో బ్యాటరీ రేడియేటర్‌కి ముందే ఉంది కదా, ఆ బ్యాటరీకీ రేడియేటర్‌కీ మధ్య సందులో పిడికెడు పిడికెడు రెల్లు దూది చేరుతుంది, బయటినుంచి చూస్తే కనిపించనే కనిపించదు. బ్యాటరీ విప్పి పక్కన పెట్టి (మైనస్ తీగ ముందు తియ్యి) చూడు. రేడియేటర్ రెక్కల్ని ఇంజను వైపు నుంచి ముందుకి ఊదాలి, గాలి వచ్చే దారికి ఎదురుగా, అప్పుడే ఇరుక్కున్నది వచ్చిన దారినే బయటికి పోతుంది. ముందునుంచి ఊదితే ఇంకా లోపలికి బిగిస్తుంది. ఆనందపురం రోడ్డు మీద పంచరు షాపులో కంప్రెసర్ గాలి ఇస్తారు, గొట్టాన్ని జానెడు దూరంలో పట్టుకుని మెల్లగా ఊదమను. కారు కడిగే చోట ప్రెషర్ నీళ్ళతో మాత్రం కొట్టించకు, ఆ రెక్కలు రేకుల్లా పలచగా ఉంటాయి, ఒక్క దెబ్బకి వంగిపోతాయి, వంగితే ఇక గాలి దూరదు. పైగా మన వైపు ఉప్పుగాలికి అవి ముందే నీరసంగా ఉంటాయి. నూనె జిడ్డు ఉంటే డిటర్జెంట్ నీళ్ళు చల్లి కాసేపు నాననిచ్చి, మామూలు కుళాయి గొట్టంతో అదే వైపు నుంచి వదులు.

శుభ్రమైందో లేదో కంటితో తేల్చకు. చీకటి పడ్డాక ఫ్యాన్ వైపు టార్చి పెట్టి ముందు నుంచి చూడు, రెక్కల మధ్యలోంచి వెలుతురు అంతటా సమంగా కనబడాలి. నల్లగా ఉన్న చోట చెత్త ఉన్నట్టే. ఆ తర్వాత ఇంజను స్టార్టు చేసి గ్రిల్లు ముందు ఒక న్యూస్‌పేపర్ పెట్టు, దూరం నుంచి, లుంగీ గానీ కండువా గానీ వేలాడకుండా. పేపరు గ్రిల్లుకి అతుక్కోవాలి. గట్టిగా అతుక్కోకుండా జారిపోతే ఫ్యాన్ గాలిని సరిగ్గా లాగట్లేదని అర్థం, ఎవరో బెల్టు మార్చినప్పుడు ఫ్యాన్ తిరగేసి బిగించారేమో చూడు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం ఊడిపోయినా గాలి పక్కకి తప్పించుకుపోతుంది, అది కూడా చూడు.

బెల్టుని ఇంజను ఆగి ఉన్నప్పుడు రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. మరీ వదులైతే జారుతుంది, జారి జారి లోపలి వైపు అద్దంలా నున్నగా అయిపోతుంది. అలా మెరుస్తుంటే ఎంత బిగించినా లాభం లేదు, మార్చెయ్యి. రోడ్డు మీద ఏమీ తెలియదు, పూర్తి స్పీడులోనే ఫ్యాన్ వెనకపడుతుంది, నీ గొడవకి ఇది కూడా సరిపోతుంది చూశావా.

ఇవి చేశాక కూడా లేస్తే అప్పుడు నీళ్ళ సంగతి. బోరు నీళ్ళు పోశారేమో డ్రైవర్ని కోప్పడకుండా అడుగు, కోప్పడితే పోయలేదనే అంటాడు. మన బోరు నీళ్ళతో గిన్నెలకి ఎలాంటి తెల్లచార పడుతుందో అదే చార రేడియేటర్ గొట్టాల లోపల పడుతుంది, బయట ఎంత శుభ్రం చేసినా లోపలి వేడి రేకుకి అందదు. మనకి ఇక్కడ నీళ్ళు గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ ఎందుకని చాలామంది అంటారు. తుప్పు పట్టకుండా, తొందరగా మరగకుండా కాపాడేది అదే. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం. లోపల చార బాగా పట్టి ఉంటే గాజువాక ఆటోనగర్ వైపు రేడియేటర్ పనివాళ్ళు ఉంటారు, దింపి చూపించాలి. కొత్తగా నింపినప్పుడు మూత తీసి ఉంచి ఇంజను కాసేపు తిప్పితే లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా పోయి మట్టం దిగుతుంది, మళ్ళీ నింపి మూత వెయ్యి. మూతకి ఉన్న రబ్బరు చీలినా ఒత్తిడి నిలవదు, మూత చిన్న వస్తువే, మార్చు.

థర్మోస్టాట్, అంటే నీళ్ళు వేడెక్కాకే వాటికి రేడియేటర్ దారి తెరిచే కవాటం, దాని గురించి ఒక మాట. తీసి పారేద్దాం, వేడే ఎక్కదు అని ఎవరైనా అంటే వినకు. చాలా ఇంజన్లలో అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌లోకి వెళ్ళకుండా అడ్డదారిలో తిరిగి ఇంకా వేడెక్కుతాయి, మరికొన్నిట్లో ఇంజను ఎప్పుడూ చల్లగా ఉండి అరిగిపోతుంది. పని చేస్తోందో లేదో ఇంట్లోనే చూడచ్చు, గిన్నెలో నీళ్ళు పెట్టి దారంతో వేలాడదీసి వేడి చెయ్యి. దాని మీద ఉన్న అంకె చూడు, సాధారణంగా 82 ఉంటుంది, థర్మామీటర్ ఆ దరిదాపుల్లో చూపిస్తున్నప్పుడు తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్ళు మరిగినా తెరుచుకోకపోతే కొత్తది వెయ్యి. ఇంకా సులువైన గుర్తు, బాగా వేడెక్కాక ఇంజను కట్టి పై గొట్టమూ కింది గొట్టమూ పైపైన తాకి చూస్తే పైది కాలుతూ కిందిది చల్లగా ఉంటే నీళ్ళు తిరగట్లేదన్న మాట. మీటరే తప్పు చూపించే వీలు కూడా ఉంది, దూరం నుంచి వేడి చూపించే గన్ను ఎవరి దగ్గరైనా దొరికితే థర్మోస్టాట్ ఉన్న చోట పెట్టి చూడు.

ఇక హెడ్ గాస్కెట్. ఇన్ని చూశాక కూడా అనుమానం ఉంటే, దానికి గుర్తులు ఉంటాయి. పొద్దున్నే చల్లటి ఇంజనుకి మూత తీసి స్టార్టు చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుండాలి, లేదా ఆయిలు గేజి కడ్డీ మీద నూనె పాలలా తెల్లబడి ఉండాలి, లేదా వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా రావాలి, కూలెంట్ కారకుండానే తగ్గుతుండాలి. వీటిలో ఒక్కటైనా కనబడితే నేను కూడా మెకానిక్కు మాటే నిజమంటాను, అప్పుడు హెడ్ విప్పించు, ఖర్చు గురించి టెన్షన్ పడకు. ఏదీ కనబడకపోతే విప్పనివ్వకు.

గడ్డి కొట్టే తీరు కూడా కొంచెం మార్చు. నడుమెత్తు రెల్లుని ఒకేసారి నేల మట్టానికి కొట్టాలని చూస్తే ఏ మినీ ట్రాక్టరైనా మూలుగుతుంది. మొదటిసారి స్లాషర్ ఎత్తి పైభాగం కొట్టు, రెండోసారి దించు. గేరు తగ్గించు, ఇంజను స్పీడు తగ్గించకు, స్పీడు తగ్గిస్తే ఫ్యానూ తగ్గుతుంది. బ్లేడ్లు మొద్దుబారి ఉంటే గడ్డి తెగదు, చితుకుతుంది, ఆ బరువంతా ఇంజను మీదే. మంచు ఆరాక మొదలుపెట్టి ఎండ నెత్తికెక్కే ముందు ఆపు, గంటకోసారి దిగి జాలి దులుపు. సైలెన్సర్ మీదా దాని చుట్టూ ఎండు మామిడాకులు చేరితే అప్పుడే తీసెయ్యి, అవి అంటుకుంటే బండి పోతుంది, తోట పోతుంది.

రేపు బ్యాటరీ విప్పాక ఆ సందు ఫోటో, రాత్రి టార్చి వెలుతురులో రేడియేటర్ ఫోటో, ఆయిలు కడ్డీ ఫోటో, మూడూ వాట్సాప్ చెయ్యి. మెకానిక్కుకి మా అమ్మ చూసి చెప్తానంది, రెండు రోజులు ఆగమని మర్యాదగానే చెప్పు. ఆదివారం పొద్దున్న బస్సుకి నేనే వస్తాను, కొత్త బెల్టూ మూతా ఇక్కడే కొని తెస్తాను, బెల్టు మీద ఉన్న నంబరు కూడా ఫోటో తీసి పంపు.

అమ్మ
విశాఖపట్నం