ఆదివారం మీటింగ్: ఇంటికొకరు తప్పకుండా రండి

మన విచారణ (గుడి పరిధిలోని సంఘం) సభ్యులందరికీ వందనాలు.

ఫాదర్ గారి బదిలీ గురించి ఆదివారం రెండో పూజ అవ్వగానే గుడి వెనక షెడ్డులో కూర్చుంటున్నాం.

నిన్న గుడి గేటుకు ఎవరో తాళం వేశారు. ఈరోజే తీసేయండి. జపమాలకు వచ్చిన అవ్వలు ఎండలో నిలబడిపోయారు, చూడలేకపోయాను.

విచారణ గురువును, అంటే మన ఫాదర్ లాంటి వారిని, నియమించేది బిషప్ గారే, కానన్ (సభ చట్టం) 523. గురువుగా అభిషేకం పొందిన నాడు ఫాదర్ గారు బిషప్ చేతుల్లో చేతులుంచి విధేయత మాట ఇచ్చారు. మనం గొడవ చేస్తే ఇరుక్కునేది ఫాదర్ గారే. అలాగని నోరు మూసుకోనక్కర్లేదు. మన బాధ గౌరవంగా చెప్పుకునే హక్కు కానన్ 212 ఇచ్చింది.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని పోలిష్ విచారణ, సెయింట్ స్తనిస్లాస్ కథ తెలుసుకోండి. ఆస్తి ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర ఆర్చ్‌బిషప్‌తో పంతం ముదిరి, పాలకవర్గం సొంతంగా వేరే ఫాదర్‌ను తెచ్చుకుంది. 2005 డిసెంబరులో ఆ ఫాదర్‌నూ పాలకవర్గాన్నీ ఆర్చ్‌బిషప్ సభ నుంచి వెలివేశారు. 2012లో కోర్టు తీర్పు పాలకవర్గానికే వచ్చింది, గుడి దక్కింది. కానీ కతోలిక విచారణగా మిగల్లేదు. మనకు ఆ గతి వద్దు.

శనివారం సాయంత్రంలోగా మీ మాట ఒక పేజీలో రాసి, సంతకం పెట్టి ఉపదేశి గారికి ఇవ్వండి. అన్నీ కలిపి మేత్రాసన (బిషప్ గారి) కార్యాలయానికి మనమే తీసుకెళ్దాం.

మర్చిపోవద్దు: ఫేస్‌బుక్‌లో పోస్టులు, గుడి ముందు ఫ్లెక్సీలు వద్దు.