చందుర్తి యుద్ధానికి రంగులు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా డిసెంబరు 7 వస్తుంది, పోతుంది. ఆ రోజు మీ పేపర్లో చందుర్తి యుద్ధం గురించి ఒక్క ముక్క నా కంటబడలేదు, జిల్లా పేజీల్లో కూడా. 1758లో సరిగ్గా ఆ తేదీన గొల్లప్రోలు పక్కనున్న చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్ళూ ఇంగ్లీషు వాళ్ళూ తలపడ్డారు, ఫ్రెంచి వాళ్ళు చిత్తుగా ఓడిపోయారు, ఆ తర్వాత నాలుగు నెలలకి మచిలీపట్నం కోట కూడా పోయింది, దాంతో కోస్తాలో వాళ్ళ కథ ముగిసింది. బొబ్బిలి గురించి అడిగితే మనలో చిన్నపిల్లాడు కూడా తాండ్ర పాపారాయుడి పేరు చెబుతాడు. బొబ్బిలి తర్వాత రెండేళ్ళు తిరక్కుండానే జరిగిన చందుర్తి గురించి ఆ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళని అడిగినా ‘అవునా?’ అంటారు. మాది ఆ వైపే కాబట్టి చెబుతున్నాను, స్కూల్లో మాకు ఎవరూ చెప్పలేదు.

నేను చరిత్ర మాష్టార్ని కాను. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, ఖాళీ దొరికితే పాతకాలపు సైన్యాల బొమ్మలకి రంగులు వేస్తాను. నవ్వుకోండి, పర్వాలేదు, మా ఇంట్లో కూడా నవ్వుతారు. ఒక్కో సిపాయి మూడు సెంటీమీటర్లు ఉంటాడు, 28 ఎం.ఎం. సైజు అంటారు. ప్లాస్టిక్‌వి అయితే పెట్టెకి ముప్పై పైచిలుకు వస్తాయి, తగరం కలిపిన లోహంతో పోతపోసినవి విడిగా కొనుక్కోవాలి, అవి కాస్త ఖరీదే. ఈ ఊరు ఈ పిచ్చికి రాజధాని అనుకోండి. ఈ బొమ్మలూ వాటితో ఆడే ఆటలూ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ హెడ్డాఫీసు ఇక్కడే, అలాంటిదే వార్‌లార్డ్ గేమ్స్ ఇక్కడే, పెర్రీ అన్నదమ్ములు బొమ్మలు చెక్కేదీ ఇక్కడే. ఇక్కడ కాపురం పెట్టి దీని జోలికి పోకుండా ఉండటం కష్టం.

పని ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే నా అసలు గోడు దాన్నించే పుట్టింది. ముందు పోతలో మిగిలిపోయిన అంచులు చాకుతో గీకెయ్యాలి, సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాలి, రంగు పట్టేందుకు అడుగుపూతగా ప్రైమర్ కొట్టాలి (ఇక్కడి చెమ్మకి అది ఒక్కోసారి పొడిపొడిగా పట్టి ప్రాణం తీస్తుంది). తర్వాత రంగులు. ఎర్రకోటుకి ముందు ముదురు ఎరుపు, దాని మీద మామూలు ఎరుపు, ముడతల పైఅంచుల్లో కొద్దిగా నారింజ. అక్కడ తెలుపు కలిపితే కోటు గులాబీ రంగుకి తిరిగి సిపాయి పెళ్ళి బ్యాండు వాడిలా తయారవుతాడు. తెల్ల పంచెకి నేరుగా తెలుపు వెయ్యకూడదు, అడుగున బూడిద కలిసిన గోధుమ రంగు వేసి మడతలు వదిలేసి పైన మాత్రం తెలుపు తగిలించాలి. మొహం దగ్గరికి వచ్చేసరికి ఇంకో తంటా, చర్మం రంగు అని సీసా మీద రాసి అమ్మేవి ఎక్కువగా తెల్లవాళ్ళ చర్మానికే పనికొస్తాయి. మన వాళ్ళకి ముదురు గోధుమ రంగు పునాది వేసి, దానికే కాస్త పసుపు, ఇటుక రంగు కలుపుకుంటూ ముక్కు మీద, బుగ్గ ఎముక మీద, వేళ్ళ కణుపుల మీద ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోవాలి. చివర్లో పల్చటి గోధుమ నీళ్ళలాంటి రంగు ఒక పూత పూస్తే అది మడతల్లోకి జారి నీడలు దానంతటదే పడతాయి. అప్పుడు ఆ మూడు సెంటీమీటర్ల మనిషి మొహంలోకి ఎక్కడినుంచో ప్రాణం వస్తుంది. పిఠాపురం సంతలో అలాంటి మొహాలు ఎన్ని చూశానో.

ఇక షో సంగతి. మాకు దగ్గర్లో న్యూఆర్క్ అని ఊరుంది, అక్కడ షోగ్రౌండ్‌లో ఏడాదికి రెండుసార్లు పార్టిజన్ అనే వార్‌గేమ్ షో, అంటే బొమ్మ సైన్యాలతో యుద్ధాలు ఆడే షో పెడతారు, ఆదివారం ఒక్క రోజు. న్యూఆర్క్ కూడా యుద్ధం చూసిన ఊరే. 1640ల్లో రాజుకీ పార్లమెంటుకీ కొట్లాట జరిగినప్పుడు ఆ ఊరిని మూడుసార్లు ముట్టడించారు, 1646 మే నెలలో రాజే చెప్పడంతో లొంగిపోయారు. అప్పటి మట్టి కోట ఒకటి నక్షత్రం ఆకారంలో ఇప్పటికీ ఉంది, జనం కుక్కల్ని తీసుకుని దాని మీద వాకింగ్ చేస్తుంటారు. ఆ కాలం మీద ఏకంగా ఒక మ్యూజియమే ఉంది ఊళ్ళో.

షో అంటే పెద్ద షెడ్డు, దాన్నిండా బల్లలు. సంక్రాంతికి మన ఇళ్ళల్లో పెట్టే బొమ్మల కొలువుని మెట్ల మీంచి దింపి బల్ల మీద పరిచి, బొమ్మలన్నిటికీ తుపాకులిస్తే ఎలా ఉంటుందో అలా. కొండలు, వాగులు, చర్చీలు, కంచెలు, పొలాలు, వాటి మధ్య వందల కొద్దీ సైనికులు. చుట్టూ అంగుళాల టేపులు, పాచికలు పట్టుకున్న నడివయసు మగవాళ్ళు, ఎక్కువమందికి నెత్తి నెరిసిపోయి ఉంటుంది. పాచిక పడిన దాన్నిబట్టి పటాలం ముందుకి పోతుందా, నిలబడుతుందా, కాలికి బుద్ధి చెబుతుందా అని తేలుతుంది. కొన్ని బల్లలు చూడటానికే, కొన్నిట్లో మనమూ కూర్చుని ఆడొచ్చు. పక్కనే బ్రష్షులు, రంగులు, గడ్డి పొడి, చెక్క పలకలు అమ్మే దుకాణాలు. పాత సరుకు అమ్ముకునే చోట మాత్రం చీరల డిస్కౌంట్ సేల్‌కి ఏమాత్రం తగ్గని తోపులాట. టీ మహా ఘోరంగా ఉంటుంది, ఆ విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

మనిషి కొత్తవాడనిపిస్తే చాలు, పని మానుకుని మరీ విడమరిచి చెబుతారు, అది మెచ్చుకోవాలి. నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఒక బల్ల మీద 1803 నాటి అసాయీ యుద్ధం పెట్టారు, ఇంగ్లీషు సేనాని వెలస్లీ మరాఠాల మీద గెలిచింది. అందులో మద్రాసు సిపాయిల పటాలాలు ఉన్నాయి, వాళ్ళలో మన తెలుగు వాళ్ళూ ఉండే ఉంటారు కదా అని నేను అక్కడే అతుక్కుపోయాను. బల్ల దగ్గర పెద్దాయన 78వ హైలాండర్ల (స్కాట్లండు పటాలం) కాలరు, కఫ్‌లు లేత పసుపు ఎందుకో, 74వ వాళ్ళవి తెలుపు ఎందుకో అలవోకగా చెప్పుకొచ్చాడు. సరే, మరి మరాఠాల వైపు ఆ చివర గుంపుగా నిలబడ్డ కాల్బలానికి ఏ రంగులు వేశారండీ అని అడిగాను. ‘అదా, వాళ్ళకి ఏదైనా నడుస్తుంది, నీకు నచ్చింది వేసుకో’ అన్నాడు.

ఆయన తప్పు పట్టాల్సిన మనిషి కాదు, ఉన్నమాటే చెప్పాడు. కానీ నాకు మాత్రం చురుక్కుమంది. తెల్లవాడికి గుండీ ఎన్నో రంధ్రంలో పెట్టాడో లెక్కుంది, మనవాడికి ‘ఏదైనా నడుస్తుంది’. ఆ లెక్క వాళ్ళు రాసుకున్నారు కాబట్టి ఉంది. మనది మనం రాసుకోలేదా, రాసుకున్నది పోయిందా, లేక ఎక్కడో ఎవరింట్లోనో పెట్టెలో ఉందా? ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మూడో దాని మీద ఆశతోనే.

నేను చెయ్యాలనుకుంటున్నది చందుర్తి బల్ల. బట్టల రంగు యుద్ధాన్నే తిప్పేసిన సంగతి ఇందులో ఉంది, అందుకే ఇది రంగులు వేసేవాడికి వదల్లేని యుద్ధం. ఇక్కడి ఫ్రెంచి సేనాని బుస్సీని వాళ్ళ పైఅధికారి లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు, అతని చోట కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. బొబ్బిలి దగ్గర ఫ్రెంచి వాళ్ళతో కలిసి నడిచిన విజయనగరం సంస్థానం, విజయరామరాజు పోయాక ఆనంద గజపతి హయాంలో ఎదురు తిరిగి విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషు వాళ్ళకి కబురు పెట్టింది. కలకత్తా నుంచి క్లైవ్ ఓడల మీద కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఫోర్డ్ దగ్గర సుమారు 470 మంది తెల్లవాళ్ళు, 1900 మంది బెంగాల్ సిపాయిలు. కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది తెల్లవాళ్ళు, 6000 మంది దాకా సిపాయిలు, ఫిరంగులు కూడా ఎక్కువే. ఫోర్డ్ తన తెల్ల పటాలాన్ని మధ్యలో పెట్టాడు, వాళ్ళ ముందు ఎత్తుగా ఎదిగిన మొక్కజొన్నో జొన్నో చేను అడ్డం వచ్చింది, సిపాయిలు మాత్రం రెండు పక్కలా బయటికి కనబడుతున్నారు. ఆ సిపాయిలవి ఎర్రకోట్లు. ఫ్రెంచి వాళ్ళు అంతవరకూ చూసిన మద్రాసు సిపాయిలకి ఎర్రకోటు లేదు, దాంతో ఎర్రకోటు కనబడగానే వీళ్ళే ఇంగ్లీషు వాళ్ళనుకున్నారు. పైగా ఫోర్డ్ సిపాయిల జెండాలు చుట్టేయించాడు. ఫ్రెంచి పటాలం నేరుగా ఎడమ పక్కనున్న సిపాయిల మీదికి ఎగబడింది, చేను వెనక నుంచి అసలు ఇంగ్లీషు వాళ్ళు బయటికొచ్చి పక్కనుంచి కాల్చారు, అంతే, అయిపోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి చేరేదాకా ఆగలేదు.

ఒక బొమ్మ 20 మందికి లెక్క అనుకుంటే ఒక్క ఫ్రెంచి సిపాయిలే 300 బొమ్మలు. అవి అవుతాయి, ఏళ్ళు పట్టినా అవుతాయి. నాకు అడ్డం పడుతున్నది విజయనగరం రాజావారి సైన్యం. ఇంగ్లీషు వాళ్ళ రాతల్లో వాళ్ళది మూడు ముక్కల్లో తేల్చేశారు: కొద్దిమంది రౌతులు, వేల మంది కాల్బలం, చేతుల్లో ఈటెలూ విల్లంబులూ నాటు తుపాకులూ. యుద్ధం జరిగినంతసేపూ ఎండిన చెరువు గుంటలో గుండు తగలకుండా దాక్కున్నారని ఎద్దేవా కూడా చేశారు. అది నిజమే కావచ్చు, ఎవడి యుద్ధంలోనో ఎవడైనా ఎందుకు చస్తాడు? కానీ గుంటలో కూర్చున్నవాడైనా ఏదో ఒక బట్ట కట్టుకునే కూర్చున్నాడు కదా. ఆ బట్ట ఏమిటి?

విచిత్రం ఏమిటంటే, అంతకు 200 ఏళ్ళ ముందువాళ్ళ గురించి ఇంతకన్నా ఎక్కువ తెలుసు. 1565లో తళ్ళికోట దగ్గర ఓడిన విజయనగర సామ్రాజ్యం వాళ్ళని వెయ్యాలంటే లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మలున్నాయి, పొడుగు కుళ్ళాయిలు, బట్టల మీద అద్దకం పువ్వులు కూడా కనబడతాయి. హంపిలో మహానవమి దిబ్బ చుట్టూ రాతిలో గుర్రాలు, ఏనుగులు, భటులు బారులు తీరి ఉన్నారు. ఉత్తరాంధ్ర 1758 దగ్గరికి వచ్చేసరికే నాకు చేతికి ఏమీ దొరకడం లేదు. సినిమా డ్రెస్సులు చూసి వేసుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆ తళతళలాడే శాటిన్ బట్టలతో డిసెంబరు పొలాల్లో ఎవరూ యుద్ధం చేసి ఉండరు.

మా ఆవిడ అడుగుతుంది, చచ్చిపోయినవాళ్ళతో ఆటలేమిటి అని. దానికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఆ షెడ్డులో కొన్ని బల్లల దగ్గర నాకూ ఇబ్బందిగానే ఉంటుంది, ముఖ్యంగా ఆఫ్రికాలోనో ఇండియాలోనో ఊళ్ళు తగలబెట్టిన యుద్ధాల్ని జోకులేసుకుంటూ ఆడుతున్నప్పుడు. కాకపోతే ఒకటి, ఒక్కో సిపాయి మొహం మీద అరగంట వంగి కూర్చున్నవాడికి అతను లెక్కలో అంకెగా ఉండిపోడు. కనీసం నాకు ఉండిపోలేదు.

కాబట్టి ఎడిటర్ గారూ, మీ ఆదివారం పుస్తకంలో వాస్తు, రాశిఫలాలు తీసెయ్యమని అననుగానీ, వాటి పక్కన అర పేజీ ఇవ్వండి. చందుర్తి, బొబ్బిలి, మచిలీపట్నం, ఏ ఊరి యుద్ధమైనా సరే, ఎవరు గెలిచారన్నది కాదు, వాళ్ళు ఏం కట్టుకున్నారు, ఏం తిన్నారు, ఆ పొలం ఇప్పుడు ఎవరి సాగులో ఉంది, అలాంటివి. మీ జిల్లా విలేకరులకి ఇది పెద్ద పని కాదు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం వైపు పాత కుటుంబాల దగ్గర పటాలు, కత్తి ఒరలు, పాత బట్టలు, దస్తావేజులు ఉన్నవాళ్ళు మీ పాఠకుల్లో తప్పకుండా ఉంటారు. బొబ్బిలి కథ చెప్పే జంగాలకి తెలిసిన వర్ణనలు కూడా పనికొస్తాయి, అందులో కవిత్వం ఎంతో నిజం ఎంతో తర్వాత తేల్చుకోవచ్చు.

అలాంటివారు దయచేసి మీ పేపర్‌కే రాయమనండి, నేను ఇక్కడి నుంచి చదువుకుంటాను. నాకు మొదట కావలసింది మూడే: తలపాగా రంగు, పంచె కట్టా చల్లడమా, కాళ్ళకి చెప్పులున్నాయా లేవా. గుర్రాల సంగతి తర్వాత చూసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
నాటింగ్‌హామ్